సైన్యంలో గే అని తెలిస్తే ఆర్మీ చట్టం సెక్షన్ 46(ఎ) కింద కేసు నిలుస్తుందా? మిలిటరీ చట్టం తెలిసినవాళ్లు చెప్పండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రౌండ్లలో తెల్లారకముందే 1.6 కిలోమీటర్ల పరుగు ప్రాక్టీస్ చేసే అగ్నివీర్ అభ్యర్థుల్లో గే యువకులూ ఉంటారు. వాళ్లకు ఖాయమైన జవాబు కావాలి.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవతేజ్ జోహార్ కేసులో, పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉండే స్వలింగ సంబంధాలను అప్పటి ఐపీసీ సెక్షన్ 377 (వాటిని నేరంగా చూసిన సెక్షన్) నుంచి తప్పించింది. కానీ 1950 ఆర్మీ చట్టం 46(ఎ)లో ‘అసహజమైన’ సిగ్గుమాలిన ప్రవర్తన అన్న మాట అట్లనే ఉంది. కోర్టు మార్షల్‌లో రుజువైతే 7 ఏళ్ల దాకా జైలు. పైగా సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం రాజ్యాంగంలోని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. చిక్కంతా అక్కడే.

సెలవులో, ఊళ్లో, బయటి వ్యక్తితో ఉన్న సంబంధానికీ 46(ఎ) వర్తిస్తుందా? ఫోన్‌లో మెసేజ్‌లు చూసి షోకాజ్ నోటీసు ఇస్తే, జవాబులో నవతేజ్ జోహార్ తీర్పును ఎట్ల వాడాలి? 2018 తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆర్డర్లేమైనా ఉంటే నంబరు, ఏడాదితో సహా ఇవ్వండి. దయచేసి అంచనాతో చెప్పొద్దు, ఇది ఒకరి ఉద్యోగం.