గాంధీజీ స్వర్గారోహణ పటం: ఏ కాలపుది, ఎలా కాపాడాలి?

ప్రశ్న:
మా తాతగారి ఇంటి దేవుడి గదిలో, వేంకటేశ్వరస్వామి పటం పక్కన ఉండిన గాంధీజీ పటం ఇప్పుడు నా దగ్గరకు వచ్చింది. గాంధీజీ మేఘాల మీదుగా విమానంలో వెళ్తుంటే దేవతలు పూలు చల్లుతున్నారు. కింద నెహ్రూ, పటేల్ నిలబడి ఉన్నారు. నాయనమ్మ ఏటా జనవరి 30న ఆయన నుదుటికి ఎదురుగా అద్దం మీద పెట్టే కుంకుమ బొట్టు, చివరిసారి పెట్టినది, ఎండిపోయి అలాగే ఉంది. కాగితం ఒక మూల అద్దానికి అంటుకుపోయింది. పటాలు కట్టే దుకాణంలో దానిని ఊడదీసి లామినేషన్ చేస్తామన్నారు గానీ నాకు మనసొప్పలేదు. ఇది ఎప్పటిది? ఏం చేయాలి?

మొదటి సమాధానం:
1948లో గాంధీజీ హత్య తరువాత ఇటువంటి పటాలు విరివిగా అచ్చయ్యాయి కనుక అంతకు ముందుది కాదు. అయితే గిరాకీ ఉన్న పటాన్ని తరువాత కూడా మళ్లీ మళ్లీ అచ్చు వేసేవారు కాబట్టి, బొమ్మను బట్టి మాత్రమే సంవత్సరం చెప్పలేము. చట్రం కింద దాగిన అంచును చూడండి. అక్కడ ప్రచురణకర్త పేరు, ఒక్కోసారి వెల ఉంటాయి. వెల అణాలలో ఉంటే అది చాలావరకు 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు అచ్చయినదే.

రెండవ సమాధానం:
దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి, జిగురుకు ఆ కాగితం శాశ్వతంగా పాడవుతుంది, మళ్లీ విడదీయడానికి వీలుండదు. అంటుకున్న మూలను లాగితే రంగు అద్దంతోనే వచ్చేస్తుంది. అద్దాన్ని, కాగితాన్ని కలిపే ఉంచి, కాగితాల సంరక్షణ తెలిసినవారికి చూపించండి. వెనుక చెక్కకు, కాగితానికి మధ్య ఆమ్లరహిత అట్ట పెట్టించి, ఎండ తగలని, చెమ్మ లేని గోడకు వేలాడదీయండి. అద్దాన్ని తడిగుడ్డతో తుడవవద్దు.

మూడవ సమాధానం:
1948 ఆగస్టు 15న మన ప్రభుత్వం స్విట్జర్లాండులో అచ్చు వేయించి విడుదల చేసిన నాలుగు గాంధీ తపాలా బిళ్లల మీద హిందీలోనూ ఉర్దూలోనూ 'బాపు' అని ఉంటుంది. అది ప్రభుత్వం అర్పించిన నివాళి. మీ పటం మాత్రం ఇంటివారు తమ డబ్బుతో కొని, దేవుళ్ల వరుసలో నిలిపి, బొట్టు పెట్టుకున్నది. నా దృష్టిలో ఆ బొట్టు కూడా పటంలో భాగమే.

అడిగినవారు:
అంచు చూశాను, వెల నాలుగు అణాలు. అద్దం మార్చడం లేదు కనుక నాయనమ్మ బొట్టు కూడా అక్కడే ఉంటుంది.