కుస్తీ పిల్లాణ్ని జియుజిట్సు పోటీకి ఎప్పుడు దించాలి: మూడు నెలలకా, ఏడాదికా?

మ్యాట్అంచు
ఇలాంటి పిల్లలు ఇప్పుడు చాలా జిమ్‌లలో కనిపిస్తున్నారు. 16 ఏళ్లు, చిన్నప్పట్నుంచీ ఫ్రీస్టైల్ కుస్తీ, జియుజిట్సు (ప్రత్యర్థిని నేలమీద పట్టి లొంగదీసే ఆట) మొదలుపెట్టి మూడు నెలలు, నడుముకు వైట్ బెల్ట్, అంటే మొదటి మెట్టు. వెంటనే పోటీకి దించమని కొందరు, ఏడాది ఆగమని కొందరు. అసలు వాణ్ని వైట్ బెల్ట్‌లో దించడమే అన్యాయం అనేవాళ్లూ ఉన్నారు. "కోచ్ ఇష్టం" అని తేల్చేయకుండా కారణాలతో చెప్పండి. ఐబీజేజేఎఫ్ (జియుజిట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సంస్థ) నియమాలనే లెక్కలోకి తీసుకుందాం, లేకపోతే తలా ఒక రూలు మాట్లాడతాం.

డబుల్‌లెగ్
దించండి, ఆలోచించక్కర్లేదు. టేక్‌డౌన్‌కి (నిలబడ్డవాణ్ని పడేస్తే) 2, గార్డ్ (కిందున్నవాడు కాళ్లతో అడ్డుకునే స్థితి) దాటితే 3, మౌంట్‌కి (ఛాతీ మీద ఎక్కి కూర్చుంటే) 4. వైట్ బెల్ట్‌లో చాలామందికి నిలబడి ఆడే ఆట ఉండదు. కాలర్ పట్టుకుని నడుం వంచి నిలబడతారు, ముందుకాలు చేతికి అందిస్తారు. కుస్తీ పిల్లాడు మొదటి నిమిషంలోనే ఆ 2 తీసుకుంటాడు. తర్వాత క్రాస్‌ఫేస్ పెట్టి (ముంజేత్తో ముఖాన్ని పక్కకు నొక్కి), ఛాతీ బరువంతా దింపి, హాఫ్ గార్డ్‌లో (అవతలివాడి కాళ్ల మధ్య ఒక కాలు చిక్కిన స్థితిలో) ఇరుక్కున్న మోకాలు బయటికి లాక్కుంటే ఇంకో 3. 5 నిమిషాల ఆటలో 5-0 అంటే తక్కువేం కాదు.

కుస్తీ నుంచి వచ్చిన నిక్కీ రోడ్రిగెజ్ 2019 ఏడీసీసీలో (ఇలాంటి పట్ల ఆటలో పేరున్న అంతర్జాతీయ పోటీ) 99 కిలోల పైబడిన విభాగంలో రజతం తెచ్చుకున్నప్పుడు అతనిది బ్లూ బెల్టే (వైట్ తర్వాతి మెట్టు). వెనకున్న బలం కుస్తీ. పిల్లాణ్ని ఏడాది జిమ్‌లో కూర్చోబెడితే ఆ దూకుడు చచ్చిపోయి, వాడూ అందరిలాగే గార్డ్ లాగడానికి (తానే కింద కూర్చుని ప్రత్యర్థిని కాళ్ల మధ్యకు తెచ్చుకోవడానికి) అలవాటు పడతాడు.

మూడుసెకన్లు
డబుల్‌లెగ్ గారూ, ఆ ఉదాహరణ ఇక్కడ నిలవదు. ఏడీసీసీలో గీ (పట్టుకోవడానికి వీలైన మందపాటి కోటు, ప్యాంటు) లేదు. పాయింట్లు లెక్కించే సమయంలో గార్డ్ లాగితే మైనస్ పడుతుంది. గార్డ్‌కి అవకాశం లేకుండా శుభ్రంగా పడేస్తే టేక్‌డౌన్‌కి 4 వస్తాయి. కుస్తీవాడికి అంతకంటే కలిసొచ్చే నియమావళి లేదు. ఐబీజేజేఎఫ్‌లో ఆ వెసులుబాట్లు ఉండవు. మూడు నెలలే నేర్చుకున్న పిల్లాడు ఓడేది బలం చాలక కాదు, ఒళ్లు నేర్చుకున్న అలవాట్ల వల్ల.

అన్నిటికంటే ప్రమాదం బోర్లా తిరగడం. కుస్తీలో రెండు భుజాలూ మ్యాట్‌కి తగిలితే చిత్తు, ఆట అయిపోయింది. అందుకే వెల్లకిలా పడబోతున్న క్షణంలో ఒళ్లు దానంతటదే పొట్ట మీదికి తిరుగుతుంది. వెనకాల ఉన్నవాడికి కావాల్సింది అదే. రెండు మడమలూ తొడల లోపలికి దూర్చి మూడు సెకన్లు నిలబెడితే 4 పాయింట్లు, ఆ తర్వాత గొంతు నొక్కే చెయ్యి గడ్డం కిందికి దూరడానికి ఎంతోసేపు పట్టదు. పిల్లాడు మాత్రం "చిత్తు కాలేదు కదా" అనే ధీమాలోనే ఉంటాడు.

రెండోది తల. డబుల్ లెగ్‌కి (రెండు కాళ్లూ పట్టి పడేసే పట్టుకి) వెళ్లినప్పుడు మెడ వంగి, తల ప్రత్యర్థి చంక కిందికి జారితే గిలటీన్, అంటే మెడ చుట్టూ చెయ్యి వేసి గొంతు నొక్కే పట్టు. కుస్తీలో ఆ పట్టు పెద్ద నష్టం కాదు కాబట్టి తల ఎక్కడుందో వాడు పట్టించుకోడు.

నియమాల సంగతికొస్తే, తల బయటి వైపు పెట్టి సింగిల్ లెగ్ (ఒక కాలు పట్టి పడేసే పట్టు) పట్టడం వైట్ బెల్ట్‌లకు నిషేధం. చాలామంది కుస్తీ పిల్లలకు అదే ముఖ్యమైన పట్టు. క్లోజ్డ్ గార్డ్‌లో (నడుం చుట్టూ కాళ్లు బిగించినప్పుడు) గానీ ట్రయాంగిల్‌లో (కాళ్లతో మెడ నొక్కే పట్టులో) గానీ చిక్కినప్పుడు ప్రత్యర్థిని ఎత్తి కిందికేసి కొడితే అక్కడికక్కడే అనర్హత. గట్ రెంచ్ (నడుం చుట్టూ పట్టి దొర్లించే కుస్తీ పట్టు) పట్టి ఎన్నిసార్లు దొర్లించినా ఒక్క పాయింటూ రాదు. ఒక్క కాలే దూర్చి వీపు మీద స్వారీ చేస్తే ఆ 4 రావు. పడేసిన తర్వాత గార్డ్‌లో పైన కూర్చుని కదలకపోతే రిఫరీ 20 సెకన్లు లెక్కబెట్టి పెనాల్టీ ఇస్తాడు. రెండో పెనాల్టీకి అవతలివాడికి అడ్వాంటేజ్ (పాయింట్లు సమమైతే లెక్కకొచ్చేది), మూడోదానికి 2 పాయింట్లు, నాలుగోదానికి ఇంటికి.

ఇంకొకటి. కుస్తీలో 10 పాయింట్ల తేడా వస్తే బౌట్ ఆపేసి గెలిచావంటారు. ఇక్కడ 15-0తో ముందున్నా ఆఖరి సెకనులో ట్యాప్ చేస్తే (ఓటమి ఒప్పుకుని చేత్తో తడితే) ఓడినట్టే. ఆధిక్యం వచ్చింది కదా అని చేతులు చాచి ప్రత్యర్థి ఛాతీ మీద ఆనించి ఊపిరి తీసుకునే పిల్లలు ఆర్మ్‌బార్‌కి (మోచెయ్యి వెనక్కి వంచే పట్టుకి) దొరికేది అప్పుడే.

నోగీవాది
మూడుసెకన్లు గారు చెప్పినదాంట్లో తప్పేం లేదు, కానీ సగం చిక్కు గీతోనే. మొదటి పోటీ నో-గీలో ఆడించండి. గీలో ప్రత్యర్థి రెండు చేతులా స్లీవ్, కాలర్ పట్టేస్తే కుస్తీ పిల్లాడు కాలిదాకా చేరనే లేడు. పట్టు విడిపించుకోవడం తెలియక గుంజుతూ ఉంటాడు, రెండు నిమిషాలకు ముంజేతులు రాయి కడతాయి. నో-గీలో మెడ వెనక పట్టు, అండర్‌హుక్ (చంక కింద నుంచి చెయ్యి దూర్చే పట్టు), మణికట్టు పట్టు అన్నీ వాడికి తెలిసినవే. అయితే బూట్లు ఉండవు. కుస్తీ బూటుతో తన్ని లేచే అలవాటున్నవాడికి వట్టి కాలు చెమట మ్యాట్ మీద జారుతుంది. మూడు వారాల ముందు నుంచీ షాట్లన్నీ (కాళ్ల మీదికి దూకే దాడులన్నీ) వట్టి కాళ్లతోనే వేయించాలి.

హీల్ హుక్ (మడమ పట్టి మోకాలు మెలిపెట్టే పట్టు) ఉన్న పోటీలకు మాత్రం పంపొద్దు. ఆర్మ్‌బార్ నొప్పితో ముందే హెచ్చరిస్తుంది. హీల్ హుక్‌లో నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ పోవచ్చు. కుస్తీ పిల్లలు నొప్పి భరించడం గొప్ప అనుకుంటూ పెరుగుతారు, ట్యాప్ ఆలస్యంగా చేస్తారు.

కిందిఆట
నెలలు లెక్కబెట్టడం ఎందుకు? మూడు పరీక్షలు పెట్టండి, నెగ్గితే దించండి, లేకపోతే ఆపండి.

ఒకటి, గిలటీన్. ప్రత్యర్థి కుడిచేత్తో మెడ చుట్టాడనుకోండి. పిల్లాడి చెయ్యి వెంటనే ఆ మణికట్టు మీదికి వెళ్లాలి, రెండో చెయ్యి ప్రత్యర్థి ఎడమ భుజం మీదుగా పోవాలి, ఒళ్లు ప్రత్యర్థి ఎడమ పక్కకు, అంటే తల ఇరుక్కున్నది కాక రెండో వైపుకి నడవాలి, భుజం అవతలివాడి గొంతు మీద బరువు పెట్టాలి. అలవాటు కొద్దీ తల వెనక్కి లాగితే పట్టు ఇంకా బిగుస్తుంది. షాట్ వేసిన ప్రతిసారీ ఒకడు మెడ పట్టుకునేలా పెట్టి, ఆలోచించకుండా వచ్చేదాకా చేయించండి.

రెండు, కింద పడ్డప్పుడు. సైడ్ కంట్రోల్‌లో (ప్రత్యర్థి పక్కనుంచి ఛాతీతో నొక్కిపట్టే స్థితిలో) వెల్లకిలా పెట్టి రెండు నిమిషాల రౌండ్లు. నియమం ఒకటే: బోర్లా తిరిగితే రౌండ్ మళ్లీ మొదటికి. మోచేతులు లోపలికి, ముంజేయి ప్రత్యర్థి మెడకు అడ్డం, తుంటి పక్కకు జరిపి మోకాలు దూర్చి గార్డ్ తెచ్చుకోవాలి. మొదట్లో కుస్తీ పిల్లలకు ఇది నరకంగా ఉంటుంది, వెల్లకిలా ఉండటమే ఓటమిలా తోస్తుంది వాళ్లకు. ఆ భయం పోకుండా పోటీకి పంపితే వీపు ఇచ్చేస్తారు.

మూడు, ట్యాప్. మోచెయ్యి పూర్తిగా చాచుకోకముందే ట్యాప్ చేస్తున్నాడా? పెద్ద బెల్ట్ పట్టినా, చిన్న పిల్లాడు పట్టినా ఒకేలా చేస్తున్నాడా? ఇది లేకపోతే మిగతా రెండూ ఉన్నా పంపకూడదు.

మ్యాట్అంచు
ఇది పనికొచ్చే మాట. మరి న్యాయం సంగతి? ఆరేళ్ల కుస్తీ ఉన్నవాడు, నాలుగు నెలల కిందట మొదలుపెట్టిన పిల్లాడి మీద పడటం?

డబుల్‌లెగ్
బెల్ట్ అనేది కోచ్ ఇచ్చేది, పోటీకోసం ఎంచుకునేది కాదు. సబ్‌మిషన్ (ట్యాప్ చేయించే పట్ల) ఆటలో వీడి అనుభవం సున్నా. బ్లూ బెల్ట్‌లో పడేస్తే కాళ్లమీద నిలబడ్డంతసేపే వీడి రాజ్యం, కింద పడ్డాక మెడ గానీ చెయ్యి గానీ పోతుంది. అదేం న్యాయం?

మూడుసెకన్లు
అవతలి పిల్లాడి వైపు నుంచీ చూడండి. పడటం సరిగా రానివాణ్ని పూర్తి వేగంతో డబుల్ లెగ్ వేసి పడేస్తే తల గుద్దుకోవచ్చు, లేదా చెయ్యి వెనక్కి ఆనించి మోచెయ్యి విరగ్గొట్టుకోవచ్చు. నా అభిప్రాయం మారలేదు: వైట్ బెల్ట్‌లో దించితే ఎత్తి పడేసే పట్లు ఆపించి, కాలు పట్టి కూర్చోబెట్టే పట్లే ఆడించాలి. రెండు పోటీలు తేలిగ్గా గెలిస్తే కోచ్ బ్లూ బెల్ట్ గురించి ఆలోచించాలి, 16 నిండాయి కాబట్టి వయసు అడ్డం కాదు. పతకాల కోసం అక్కడే ఉంచడం మాత్రం తప్పే.

నోగీవాది
బరువు గురించి ఎవరూ ఎత్తలేదు. నీళ్లు మానేసి బరువు దింపే అలవాటు ఇక్కడ నడవదు. తూకం ఆటకు కాస్త ముందే, ఒక్కసారే, గీ వేసుకునే. దాటితే అనర్హత, తిరిగి నీళ్లు తాగి కోలుకునే సమయం లేదు. పెద్దల పురుషుల లైట్ విభాగం గీలో 76 కిలోలైతే నో-గీలో 73.5. అంటే గీ, బెల్ట్ కలిపి సుమారు 2.5 కిలోల లెక్క వేశారు. బరువైన గీ అయితే అదీ చాలదు. పిల్లాడు మామూలుగా తిరిగే బరువుకే విభాగం ఎంచుకోవాలి.

డబుల్‌లెగ్
బరువు విషయం ఒప్పుకుంటాను. కిందిఆట గారి పరీక్షలకు మాత్రం నెల చాలు, ఏడాది అక్కర్లేదు.

కిందిఆట
నెల చాలితే మంచిదే. అయితే పరీక్ష తోటి వైట్ బెల్ట్‌తో పెట్టకండి, వాళ్లని వీడు బలంతో తోసేస్తాడు, ఏమీ తెలియదు. వీడి బరువే ఉన్న బ్లూ బెల్ట్‌తో, 5 నిమిషాలు ఆపకుండా పెట్టండి. ఫ్రీస్టైల్‌లో రెండు భాగాల మధ్య 30 సెకన్ల విరామానికి అలవాటు పడ్డ ఊపిరి మూడో నిమిషం దాటాక ఏం చేస్తుందో చూడండి. తల కిందికి జారేదీ, మోచేతులు చాచుకునేదీ, బోర్లా తిరిగేదీ ఎక్కువగా అప్పుడే.