ఉట్రెక్ట్ బిషప్పుల ‘ప్రైమసీ ఆఫ్ ఆనర్’: పెద్దరికమా, పెత్తనమా?

‘ప్రైమసీ ఆఫ్ ఆనర్’ని, అంటే చర్చిల్లో ఒక బిషప్పుకు ఆజ్ఞాపించే అధికారం లేకుండా గౌరవంలో మాత్రమే దక్కే మొదటి స్థానాన్ని, తెలుగులో ఏమనాలని నిన్న ఒకరు అడిగారు. ‘గౌరవ ప్రాథమ్యం’ అని జవాబొచ్చింది. తప్పని అనను గానీ, అలా రాస్తే అర్థం కావడానికి మళ్లీ ఇంగ్లీషు మాట వెతుక్కోవాలి. మన ఇళ్లల్లో దానికి చక్కటి మాట ఉందండి: పెద్దరికం.

ఉట్రెక్ట్ ఆర్చిబిషప్పు విషయంలో ఆ ఇంగ్లీషు మాటకు అర్థమేమిటో చూస్తే పెద్దరికానికీ పెత్తనానికీ తేడా తెలుస్తుంది. 1870లో వాటికన్ సభ, విశ్వాసం, నీతి విషయాల్లో పోపు అధికారికంగా ప్రకటించేదాంట్లో పొరపాటు ఉండదని తీర్మానిస్తే, ఒప్పుకోని కాథలిక్కులు జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో విడిపోయారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పీఠం 1723 నుంచే రోముతో వేరుపడి ఉంది. 1889 సెప్టెంబరు 24న ఈ మూడు దేశాల బిషప్పులు ఐదుగురు ఉట్రెక్ట్‌లో కలిసి ఒప్పందం రాసుకున్నారు. ఒక చర్చి మీద ఇంకో చర్చికి అధికారం లేదు. మిగతావాళ్ల సమ్మతి లేకుండా బయటి చర్చిలకు ఎవరూ బిషప్పును అభిషేకించకూడదు. వాళ్ల సభకు ఉట్రెక్ట్ ఆర్చిబిషప్పే అధ్యక్షుడు. ఆయన సభను నడుపుతాడు, కానీ జర్మనీ బిషప్పుకు ఉత్తర్వు ఇవ్వలేడు.

మా ఇంట్లో పెళ్లి మాటలకు పెద్దతాతను ముందు కూర్చోబెట్టేవాళ్లు. తాంబూలం మొదట ఆయన చేతికే. అంతమాత్రాన తమ్ముడి పొలం సంగతి ఆయన తేల్చేవాడు కాదు. అది పెద్దరికం. తేల్చి ఉంటే పెత్తనం అనేవాళ్లం. రెండూ ‘పెద్ద’లోంచి పుట్టినవే, ఎంత దూరం వెళ్లాయో చూడండి!

— మరి తమ్ముళ్లు వినకపోతేనండీ?

మంచి ప్రశ్న. ఈ ఒప్పందంలోని జర్మనీ చర్చి 1996లో స్త్రీలకు గురుపట్టం ఇచ్చింది. అప్పటికి ఇదే కూటమిలో ఉన్న అమెరికాలోని పోలిష్ నేషనల్ కాథలిక్ చర్చి దాన్ని ససేమిరా ఒప్పుకోలేదు. జర్మనీని ఆపమనీ, అమెరికాను ఒప్పుకోమనీ ఆజ్ఞాపించే చెయ్యి పైన లేదు. ఏళ్లు మాట్లాడుకుని, చివరికి 2003లో విడిపోయారు. నాకు అది చదివితే బాధేసింది. కానీ పెద్దరికంతో నడిచే ఇల్లు అలాగే చీలుతుంది, వేరు కుంపటితో.

అందుకే అనువాదంలో ‘అధిపతి’ అన్న మాట దగ్గర జాగ్రత్త. ‘అగ్రపీఠాధిపతి’ మన కాథలిక్కులకు అలవాటైన మాటే, ఉట్రెక్ట్ ఆర్చిబిషప్పుకు వాడినా ఆయన సొంత పీఠం వరకే. మిగతా బిషప్పుల మధ్య ఆయన స్థానం చెప్పాల్సి వస్తే నేనైతే ‘సాటివారిలో పెద్ద’ అని రాస్తాను.