నరసింహుడి మాస్కు మీద పూత పగిలిపోతోంది, ఎవరైనా చెప్పండి

గంటస్తంభం వీధి:
సాయంత్రం అయిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. శనివారం మా అబ్బాయి స్కూల్లో ప్రహ్లాదుడి నాటకం. నరసింహుడి మాస్కు నేనే చేసిస్తానని మాటిచ్చాను. మట్టి అచ్చు మీద కాగితాలు అతికించాను, అచ్చు తీసేశాను, తెల్లపూత వేశాను. ఆరేసరికి ఎండిన చెరువులా నెర్రెలు. గీకేసి మళ్లీ వేస్తే మళ్లీ అంతే. మూడోసారి ఎరుపు పూయబోతే కుంచెతో పాటు పూతంతా లేచొచ్చింది. ముక్కు మీద గోరంత పెచ్చు ఊడి కింద పేపరు అక్షరాలు కనబడుతున్నాయి. ఏడుపొస్తోంది. ఏం చేయాలి?

పొందూరు నూలు:
లోపల కాగితం ఆరలేదు.

గంటస్తంభం వీధి:
ఆరిందండీ. రెండు రోజులు ఉంచాను.

నాగావళి ఒడ్డు:
ముందుగా అభినందనలు. మీరు చేసింది దాదాపు పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలోని చరిదా ఊరివాళ్ల పద్ధతి. ఆ జిల్లాలో ఆడే ఛౌ నాట్యానికి ముఖాలు, అంటే మీరనే మాస్కులు, ఆ ఊళ్లో చేస్తారు. మట్టి అచ్చు మీద సన్నటి బూడిద జల్లి, జిగురులో తడిపిన కాగితం పొర మీద పొర వేస్తారు. బూడిద లేకపోతే కాగితం మట్టిని పట్టేసుకుంటుంది. ఆపైన పల్చటి బంకమట్టి, పాతగుడ్డ వేసి, చెక్క పనిముట్టుతో కనుబొమలు, పెదాలు తీరుస్తారు. ఎండలో ఆరాక వెనక నుంచి అచ్చు తొలిచేస్తారు. ఆ ముఖాలకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఛౌ అనగానే అందరూ ముఖాలే అనుకుంటారు గానీ, మన పక్క ఒడిశాలోని మయూర్‌భంజ్ ఛౌలో అసలు ముఖం పెట్టుకోరు. ముఖాలు పురూలియా వాళ్లవి, జార్ఖండ్‌లోని సెరైకెలా వాళ్లవి. మూడు శైలులూ కలిపి 2010లో యునెస్కో జాబితాకి ఎక్కాయి.

ఇంకో మాట. మాస్కు అనకండి. ముఖోటా అన్నా అది హిందీ మాటే. ముఖం అంటే చాలు. తమిళనాడు మేళత్తూరులో తెలుగులోనే ఆడే భాగవత మేళా నాటకాల్లో నరసింహుడి ముఖానికి గుడిలో పూజ చేస్తారు. అలాంటి దాన్ని మాస్కు అంటే నా మనసొప్పదు.

పొందూరు నూలు:
ఆవిడ అడిగింది పూత గురించి.

మెంటాడ మేస్టారు:
ఎరుపు ఏం వాడారు? కొట్లో దొరికే రంగయితే అదే మీ కష్టానికి కారణం. పాతవాళ్లు ఎరుపుకి హింగుళం, పసుపుకి హరిదళం, నలుపుకి దీపం మసి, తెలుపుకి శంఖం పొడి వాడేవారు. పూరీ పక్కన రఘురాజ్‌పూర్‌లో పట్టచిత్రాలు వేసేవాళ్ల చేతిలో ఆ రంగులు చూడండి. సహజమైన రంగులో ఉన్న లోతు సీసా రంగులో రాదు.

చింతపిక్క:
మేస్టారూ, హింగుళంలో పాదరసం, హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి. పిల్లాడి ముక్కుకి, నోటికి తగిలే వస్తువు మీద అవి వద్దండి. మసి, ఎర్రటి గేరు మట్టి అయితే సరే.

అమ్మా, తెల్లపూత అంటే వేసిందేమిటి? సుద్దా, సున్నమా, గోడల పుట్టీయా? జిగురు ఏం కలిపారు?

గంటస్తంభం వీధి:
సున్నమేనండీ. ఇంటికి వేయించగా మిగిలింది, నీళ్లు కలిపాను. సుద్ద, సున్నం ఒకటే కదా? జిగురు కలపాలని తెలీదు. రెండు రోజులూ వాన, అందుకని వరండాలో ఆరబెట్టాను.

పొందూరు నూలు:
ఆరలేదన్నానా.

నాగావళి ఒడ్డు:
మా నాయనమ్మ రెంటినీ సుద్దే అనేది. మాట తప్పు కాదు.

చింతపిక్క:
వాడుకలో ఏమన్నా, పూతలో తేడా ఉంది. సున్నం గోడని పట్టుకుని, గాలి తగిలి గట్టిపడుతుంది. గోడ కదలదు. కాగితం ఆరుతూ వంగుతుంది, సున్నం వంగలేక పగులుతుంది. పైగా చెమటకి తడిసిన సున్నం పిల్లాడి చర్మాన్ని కాలుస్తుంది. అది ఒక్క పొర కూడా ఉంచొద్దు.

ముక్కుకి గుడ్డ కట్టుకుని గీకేయండి. తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద లోపలి వైపు కూడా ఆరనివ్వండి. బుగ్గకి ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. ఆరాక లోపలా బయటా మైదా జిగురుతో ఒక్కొక్క పొర కొత్త కాగితం వేయండి.

ఇక పూత. చింతపిక్కలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి నీళ్లలో ఉడికిస్తే జిగురు దిగుతుంది. గుడ్డలో వడగట్టి సుద్దపొడి కలపండి. చిక్కగా కాదు, మజ్జిగలా. పల్చగా నాలుగైదు సార్లు, ఒకటి ఆరాకే ఇంకొకటి. వేలితో రుద్దితే తెలుపు అంటుకుంటే జిగురు చాలలేదు. మెరుస్తూ సన్నగా పగిలితే ఎక్కువైంది. చివర్లో నున్నటి ఏటిరాయితో రుద్దండి, రంగు జారకుండా కూర్చుంటుంది.

ఊడిన ముక్కుకి అదే జిగురులో రంపపు పొడి కలిపి పెట్టండి. కొండపల్లి బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికే మక్కు అదే. తెలంగాణలో చేర్యాల ముఖాలు కూడా చింతపిక్కల గుజ్జు, రంపపు పొడితోనే తీరుస్తారు.

మెంటాడ మేస్టారు:
చింతగింజలు అనాలి. పిక్క అంటే కాలి పిక్క.

చింతపిక్క:
మన వైపు పిక్కలే మేస్టారూ. మామిడి పిక్క, పనస పిక్క, చింతపిక్క.

గంటస్తంభం వీధి:
శనివారానికి ఇదంతా అవుతుందా? ఇంట్లో పిక్కలు లేవు.

చింతపిక్క:
అయితే బడ్డీకొట్లో దొరికే తెల్లజిగురు నీళ్లతో పల్చన చేసి సుద్దపొడి కలపండి. పద్ధతి అదే. పూతకీ పూతకీ మధ్య తొందరపడకండి.

గంటస్తంభం వీధి:
నాలుగు పూతలు ఆరాయి. గోరుతో గీకినా ఊడలేదు. ఎరుపు వేశాను, కొబ్బరి పీచుతో జూలు పెట్టాను. రేపే నాటకం. థాంక్సండీ.

నాగావళి ఒడ్డు:
సంతోషం. ఇక నుంచి ముఖం అనే అనండి.

చింతపిక్క:
అమ్మా, ముక్కు కింద గాలికి కన్నాలు పెట్టారా? పిల్లాడికి తొడిగి, మెట్లు దిగేటప్పుడు కిందకి కనబడుతోందో లేదో ఒకసారి చూసుకోండి.