అప్‌డేట్: పాత బీ450 బోర్డులో రైజెన్ 5 5600 నడుస్తోంది

బీ450 మదర్‌బోర్డులో రైజెన్ 5 2600 ప్రాసెసర్ తీసేసి రైజెన్ 5 5600 పెట్టొచ్చా అని అడిగాను కదా, పెట్టేశాను. రెండు ప్రాసెసర్లూ ఏఎం4 సాకెట్‌వే (సాకెట్ అంటే బోర్డులో ప్రాసెసర్ కూర్చునే చోటు), 65 వాట్లవే. అసలు సంగతంతా బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డులోని సాఫ్ట్‌వేర్‌లో ఉంది. బోర్డు కంపెనీ సైట్‌లోని సపోర్ట్ లిస్టులో 5600కి ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ కావాలో ఉంది; నా బోర్డులో ఉన్నది అంతకంటే పాతది. అందుకే పాత ప్రాసెసర్ ఉండగానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేశాను. ఆ కాసేపూ మధ్యలో కరెంటు పోయి బోర్డు పాడవుతుందేమోనని ఒకటే టెన్షన్!

ప్రాసెసర్ మీద ఉండి దాన్ని చల్లబరిచే కూలర్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ రెండింటి మధ్య రాసిన పేస్టు గట్టిపడి ఉంటే ప్రాసెసర్ కూడా దాంతోపాటే ఊడొచ్చి పిన్నులు వంగిపోవచ్చు. సిస్టమ్‌ని కాసేపు నడిపి, వేడెక్కాక ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లేపాను. బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే సదుపాయం) వాడేవాళ్లు రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి, ప్రాసెసర్ మారాక అడగొచ్చు. సపోర్ట్ లిస్టు చూడమన్న అందరికీ చాలా థాంక్స్.