అప్‌డేట్: అమ్మతో మస్కట్ వెళ్లి వచ్చాను

మగతోడు లేకుండా నేను, అమ్మ ఒమన్ వెళ్లవచ్చా, ఎలాంటి దుస్తులు వేసుకోవాలి అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు; ప్రయాణం క్షేమంగా ముగిసింది. బజారుల్లో ఒళ్లంతా కప్పే వదులైన చుడీదార్ సరిపోయింది. సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులో మాత్రం నియమాలు కచ్చితంగా ఉంటాయి: ముస్లిమేతరులను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఉదయం 8 నుంచి 11 వరకే అనుమతిస్తారు, స్త్రీలు జుట్టుతో పాటు మణికట్టు, చీలమండల వరకు కప్పుకోవాలి. అమ్మ చీరలో నడుము, మోచేతులు కనబడుతున్నందున అక్కడే అబాయా (ఒళ్లంతా కప్పే వదులైన పొడవాటి పైవస్త్రం) అద్దెకు తీసుకున్నాము. పల్చటి చున్నీ జారిపోతుంటుంది కాబట్టి నూలుదే మేలు. స్థానిక స్త్రీలను అడగకుండా ఫొటో తీయకండి. అత్యవసరమైతే పోలీసు నంబరు 9999.