'పిల్లల సంధి'యా, 'పిల్లల సందె'యా?

కృష్ణాతీరం: ఒక వాక్యం చాలా రోజులుగా బుర్రలో తిరుగుతోంది. 1950ల నాటి లండన్ టీవీ గురించి పాత వారపత్రికలో వచ్చిన వ్యాసంలోది. బైండు అంచు చెదలు తినేసింది. "ఆరు కొట్టగానే బొమ్మ ఆగిపోతుంది. ఏడింటి దాకా పిల్లల సం..." అంతవరకే ఉంది. తర్వాతి అక్షరం 'ధి' అని నేను, 'దె' అని మా అన్నయ్య. టాడ్లర్స్ ట్రూస్ (చిన్నపిల్లల్ని పడుకోబెట్టడానికని రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా టీవీ ప్రసారం ఆపేసే ఏర్పాటు) సంగతే అని తెలుస్తూనే ఉంది. ఈ మాట ఇంకెక్కడైనా చూశారా?

ఒంగోలు మాస్టారు: 'సంధి'యే. ట్రూస్‌కి ఇంకేం రాస్తారు? పైగా 'పిల్లలు' పక్కన 'సంధి' రాయబోయే తెలుగువాడికి తిరుపతి వేంకట కవులు గుర్తు రాకుండా ఉంటారా? "నీ పిల్లలు పాపలుం బ్రజలు పెంపు వహింపఁగ సంధి సేసెదో..." ఆ రోజుల్లో ఊరూరా హార్మోనియం మీద మోగిన పద్యం. రచయిత చెవిలో అదే ఉండి ఉంటుంది.

గోదారి గట్టు: పద్యం సరే మాస్టారూ. కానీ సంధి అంటే ఇద్దరు కూర్చుని ఒప్పుకోవాలి. ఇక్కడ ఎవరికీ ఎవరికీ సంధి? ఐదింటికి పిల్లల కార్యక్రమాలు మొదలయ్యేవి, ఆరింటికి ప్రసారం ఆగేది. ఆ గంటలో తల్లి చిన్నవాళ్లను పడుకోబెట్టి, పెద్దవాళ్లను హోంవర్కుకి కూర్చోబెట్టుకోవాలి. ఏడింటికి పెద్దల కార్యక్రమాలు. ఇందులో పిల్లల్ని అడిగిందెవరు? రోజూ ఆరింటికి వచ్చి ఏడింటికి పోయేదాన్ని సంధి అనరు, విరామం అంటారు. నా ఓటు 'సందె'కే.

లెస్టర్ నుంచి: 'సందె' వాళ్లకు ఒక్క మాట. డిసెంబరులో లండన్‌లో నాలుగు కొట్టకముందే పొద్దుగుంకుతుంది. ఆరింటికి చిమ్మచీకటి. జూన్‌లో తొమ్మిది దాటినా వెలుతురే. ఆరు-ఏడు మధ్య సందె పడేది మార్చి-ఏప్రిల్‌లో కొన్నాళ్లు, మళ్లీ సెప్టెంబరు చివర కొన్నాళ్లు. ఏడాది పొడుగునా నడిచిన ఏర్పాటుకి ఆ పేరు ఎలా నప్పుతుంది?

తెనాలి వాసి: వ్యాసం రాసింది లండన్ వాళ్ల కోసమా, మన కోసమా? మనకి ఆరు-ఏడు అంటే సందె దీపం పెట్టే వేళే. పాఠకుడి గడియారం చూసి రాస్తారండీ ఎవరైనా.

గుంటూరు అమ్మమ్మ: సందెవేళ పిల్లల్ని పడుకోబెట్టడం మన ఇంటా వంటా లేదు. అసురసంధ్య వేళ కునుకు తీస్తే లేపి, మొహం కడిగి, దీపం దగ్గర కూర్చోబెట్టేవాళ్లం. మన కోసం రాసినవారికి ఆ సంగతి తెలియదా? 'పిల్లల సందె' అని రాసి, కింద పిల్లలు పడుకున్నారని రాస్తే చదివే ఆడవాళ్లు ఊరుకుంటారా?

తెనాలి వాసి: అమ్మా, అది తెలుసు గనకే ఆ మాట వేసి ఉంటారు. మనం లేపే వేళకు వాళ్లు జోకొడతారని.

సూత్రం చెప్పేవాడు: అందరూ రాయబారం దగ్గరే ఆగిపోయారు. సంధి అంటే చిన్నయ సూరి సంధి ఎందుకు కాకూడదు? పిల్లల కార్యక్రమం పూర్వస్వరం, పెద్దల కార్యక్రమం పరస్వరం. రెండూ కలవకుండా మధ్యలో ఖాళీ. "సంధి లేనిచోట స్వరంబుకంటెం బరంబయిన స్వరంబునకు యడాగమంబగు." 'మా అమ్మ' మధ్య యకారం వచ్చి 'మాయమ్మ' అయినట్టు, బీబీసీ ఖాళీల్లో ఇంటర్‌ల్యూడ్ (ఖాళీ నింపే చిన్న ఫిల్ము) వచ్చేది. 1953 నాటి కుమ్మరి సారె ఫిల్ము చూశారా? తడి మట్టి మీద రెండు చేతులు. కుండ లేస్తుంది, వెడల్పవుతుంది, మళ్లీ అణుగుతుంది. ఎంతసేపు చూసినా కుండ పూర్తి కాదు. అదే యడాగమం.

లెస్టర్ నుంచి: పోలిక బాగుంది, చోటు కుదరలేదు. కుమ్మరి సారె, ఉన్నిబంతితో ఆడే పిల్లికూన, ఇవన్నీ కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య వచ్చే కాస్త ఖాళీకి. ప్రత్యక్ష ప్రసారాల కాలం, ఏదో ఒకటి ఆలస్యమయ్యేది. ఆరు-ఏడు మధ్య ప్రసారమే ఉండదు.

సూత్రం చెప్పేవాడు: మరీ మంచిది. అయితే అది శుద్ధ విసంధి, అంటే సంధి జరగని చోటు. 'పిల్లల విసంధి' అని ఉందేమో, 'వి' మీరు చూడలేదేమో!

కృష్ణాతీరం: 'పిల్లల' తర్వాత నేరుగా 'సం'. అందులో అనుమానం లేదు.

ఒంగోలు మాస్టారు: గోదారి గారు రెండు పక్షాలు ఎవరని అడిగారు. చెబుతాను. 1955 సెప్టెంబరు 22న లండన్‌లో ప్రకటనల డబ్బుతో నడిచే ఐటీవీ వచ్చింది. అప్పటిదాకా బీబీసీది ఒంటరి మౌనం. ఆ తర్వాత ఇద్దరు పోటీదారులు ఒకే గంట నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఐటీవీకి గంట పోతే ప్రకటనల డబ్బు పోయినట్టే. లైసెన్సు రుసుముతో నడిచే బీబీసీకి గంట పెరిగితే ఖర్చే గాని రాబడి లేదు, అందుకే తొందరపడలేదు. ప్రసారాల వ్యవహారం చూసే మంత్రి, పోస్ట్‌మాస్టర్ జనరల్ చార్లెస్ హిల్, యుద్ధకాలంలో బీబీసీలో 'రేడియో డాక్టర్'గా మాట్లాడినాయనే, పిల్లల్ని పడుకోబెట్టడం తల్లిదండ్రుల పని అని పట్టుబట్టాడు. చివరికి 1957 ఫిబ్రవరి 16, శనివారం నాడు ఆ గంట తెరుచుకుంది. బీబీసీ ఆరూ ఐదుకి 'సిక్స్-ఫైవ్ స్పెషల్' పేరుతో కుర్రకారు సంగీతం వేసింది. ఇద్దరు వైరులు, మధ్యవర్తి, గడువు. సంధికి ఇంకేం కావాలి? వ్యాసం ఐటీవీ వచ్చాక రాసిందైతే 'ధి' ఖాయం.

గోదారి గట్టు: అంటే ముందు రాసిందైతే 'దె' అని ఒప్పుకుంటున్నారా?

ఒంగోలు మాస్టారు: ఒప్పుకోలేదు. తేదీ తేల్చమంటున్నాను.

కృష్ణాతీరం: తేదీ ఉన్న పేజీ లేదు. కానీ మధ్యాహ్నం చిన్నపిల్లల కార్యక్రమాల వరస ఇచ్చారు. మంగళవారం ఆండీ పాండీ, బుధవారం పూలకుండీ మనుషులు, శుక్రవారం కొయ్యబొమ్మల కుటుంబం.

లెస్టర్ నుంచి: అది బీబీసీ చిన్నపిల్లల కార్యక్రమం 'వాచ్ విత్ మదర్' వరస. కొయ్యబొమ్మలంటే వుడెన్‌టాప్స్, అవి మొదలైంది 1955లో. వ్యాసం అంతకుముందుది కాదు.

ఒంగోలు మాస్టారు: తేలిపోయింది.

గోదారి గట్టు: ఎక్కడ తేలింది? వుడెన్‌టాప్స్ వచ్చిందీ ఆ సెప్టెంబరులోనే, ఐటీవీకి కాస్త ముందు. ఆ మధ్య రోజుల్లో రాసి ఉండొచ్చు. వ్యాసంలో ఐటీవీ మాట ఉందా?

కృష్ణాతీరం: నేను చదివిన పేజీల్లో లేదు.

గోదారి గట్టు: చూశారా!

నెల్లూరు తిక్కన అభిమాని: ఆలస్యంగా చూశాను. సంధి అన్న మాట బరువు తెలియాలంటే నాటకం చాలదు, ఉద్యోగపర్వానికి పోవాలి. అన్నదమ్ములు మెత్తబడ్డాక ద్రౌపది తన జుట్టు చేతపట్టుకుని కృష్ణుడి ముందు నిలబడుతుంది. సంధి మాట వచ్చినప్పుడు ఇది మరిచిపోవద్దు అంటుంది. అది చదివినవాడు పిల్లల నిద్రకి 'సంధి' అని రాయడు, చెయ్యి ఆడదు.

ఒంగోలు మాస్టారు: తిరుపతి వేంకట కవులు తిక్కనను చదవలేదంటారా? కృష్ణుడి నోట పిల్లల్నీ పాపల్నీ పెట్టింది వాళ్లే కదా.

సూత్రం చెప్పేవాడు: ఆ పాదాన్ని నటులు చాలామంది 'పాపలున్ ప్రజలు' అని పాడతారు. ద్రుతం మీద పరుషం సరళం కావాలి. 'పాపలుం బ్రజలు' అని సరిగ్గా రాసినందుకు మాస్టారికి నమస్కారం.

నెల్లూరు తిక్కన అభిమాని: అది సరే, అదే పద్యం మొదట్లో 'చెల్లియో చెల్లకో'కి మీరు చెప్పుకునే అర్థం ఏమిటి? చేవ ఉండా లేకా అనా, ఇష్టమయ్యీ కాకా అనా?

ఒంగోలు మాస్టారు: చేవ ఉండా లేకా. దీనికి వేరే పోస్టు పెట్టండి, నా దగ్గర చాలా ఉంది చెప్పడానికి.